అడుగు కనిపించే నీళ్ళు

మా వదినని చుట్టుపక్కల అందరూ బ్రేకు మేడం అంటారు. డ్రైవింగ్ నేర్పుతుంది. ఆవిడ కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆవిడ కాలు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. స్టీరింగు పట్టుకోగానే చెమటలు కక్కేవాళ్ళు, ఎదురుగా సైకిలొస్తే కళ్ళు మూసుకునేవాళ్ళు, మొగుడి దగ్గర నేర్చుకోబోయి ఏడ్చుకుంటూ దిగిపోయిన ఆడవాళ్ళు, అందరూ తిరిగి తిరిగి చివరికి ఆవిడ దగ్గరికే చేరతారు. ఆవిడ ఎవరి మీదా అరవదు. అరిస్తే కొత్తవాళ్ళు కంగారుపడి ఆక్సిలరేటర్ తొక్కేస్తారట. "నడపండి, నా కాలు బ్రేకు మీదే ఉంది" అంటుంది. అంతకు మించి ఆవిడ నోట పాఠం వినలేదు నేను.

నేను ఆవిడ ఆడపడుచుని. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతాను. నాకు ముక్కు మీదే కోపం. ఆ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను, ఇంకెవరైనా అంటే ఊరుకోను. వదిన నన్ను 'సూదీ' అని పిలుస్తుంది, నా పని చూసి పెట్టిందో నా నోరు చూసి పెట్టిందో ఇప్పటికీ చెప్పలేదు. మా ఇద్దరికీ పడదని కొందరనుకుంటారు. పడకేం, బాగానే పడుతుంది. ఇల్లంటుకున్నా ఆవిడ ముందు చెప్పులు సరిచేసుకుని అప్పుడు లేస్తుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అంతే.

ఇక మా పెరట్లో ఉన్న స్విమ్మింగ్ పూల్ సంగతి. మాకు పూలేమిటి, అంత సీనేమిటి అని మీకు అనిపించవచ్చు. మా నాన్న మేస్త్రి. జీవితమంతా ఉన్నవాళ్ళ ఇళ్ళలో పూల్‌లు కట్టి, వాటి అడుగున పలకలు పరిచి, ఒళ్ళు అలిసిపోయాక పెరట్లో తనకోసం ఒక చిన్నది కట్టుకున్నాడు. గట్టిగా నాలుగు బారలు వేస్తే అవతలి గోడ తగులుతుంది. నాన్న దాన్ని పూల్ అనడు, తొట్టి అంటాడు. తను కట్టిన ప్రతి తొట్టిలోనూ నీలం పలకల మధ్య ఒక్క ఎర్ర పలక వెయ్యడం ఆయన అలవాటు. ఇంటివాళ్ళు గమనించి అడిగితే, అయ్యో, పొరపాటున పడిపోయిందండీ, తీస్తే పక్కవి పగులుతాయి అని అమాయకంగా మొహం పెట్టేవాడు. మా తొట్టిలో ఆ ఎర్ర పలక లోతువైపు అడుగున, నీళ్ళు పోయే జాలీ పక్కనే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఊళ్ళోవాళ్ళ క్లోరిన్ నీళ్ళలో నానీ నానీ ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, వేళ్ళ సందులు పగిలి ముద్ద కలుపుకోవడానికి కూడా బాధపడేవాడు. అందుకని సొంత తొట్టిలో ఆ పొడి పడనివ్వనని పంతం. క్లోరిన్ లేని మందులు వాడేవాళ్ళం. అవి రెండు రకాల సీసాల్లో వచ్చేవి. ఒకటి క్రిములకి. రెండోది నీలం సీసా, అందులో పెరాక్సైడ్, నీళ్ళలో పేరుకున్న జిడ్డుని విరగ్గొట్టడానికి. వాసన ఉండదు, కళ్ళు మండవు. చాలా ఏళ్ళు హాయిగానే గడిచింది.

తర్వాత నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత తిరిగొచ్చింది గానీ కుడికాలు మొండికేసింది. వాకరు పట్టుకుని మంచం నుంచి బాత్‌రూం దాకా వెళ్ళడమే ఆయనకి పెద్ద ప్రయాణం. ఇంటికొచ్చే ఫిజియో మా పెరడు చూసి, ఇంత అదృష్టం ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారు, నీళ్ళలో నడిపించండి అన్నాడు. నీళ్ళు ఒంటి బరువు మోస్తాయి, కాలు మళ్ళీ పని నేర్చుకుంటుంది, ఇప్పుడు నేర్చుకోకపోతే ఇలాగే బిగుసుకుపోతుంది, ఇక శాశ్వతంగా కుర్చీయే అన్నాడు. ఆ కుర్చీ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎవరి బుర్రలోంచీ పోనూ లేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే నాన్న పూల్‌లో దిగి, గోడ వెంట ఉన్న చువ్వ పట్టుకుని లోతు లేని వైపు అటూ ఇటూ నడిచేవాడు. వదిన తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడేది. ఆవిడకి ఈత రాదు. నీళ్ళంటేనే ఆమడ దూరం. కాపురానికొచ్చినప్పటి నుంచి ఆ తొట్టిలో కాలు కూడా తడుపుకోలేదు. అయినా ఆ డ్యూటీ నాకిమ్మంటే ఇవ్వలేదు, నువ్వయితే మావయ్యని కంగారు పెట్టేస్తావు అంది.

ఆ ఎండాకాలం నీళ్ళు పాడవడం మొదలైంది. గొట్టాల మూలల్లో గులాబీ రంగు జిగురు. గిన్నె తొలిచిన పాలనీళ్ళలా తెల్లటి మడ్డి. సీసాలకి సీసాలు పోశాం. తగ్గినట్టే తగ్గి మర్నాటికి మళ్ళీ అంతే. ఎర్ర పలక సంగతి దేవుడెరుగు, మూడో మెట్టు కూడా కనపడటం మానేసింది.

ఆ రోజు నేను మిషను మీద ఉన్నాను. పెరట్లోంచి వదిన అరుపు వినిపించింది. ఆవిడ అరవగా వినడం నాకదే మొదలు. అందులో మాటేమీ లేదు, ఉత్త అరుపు. కత్తెర ఎక్కడ పడేశానో తెలీదు, పరిగెత్తాను. గట్టు మీద వదిన తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళలో ఎవరూ లేరు. తెల్లటి నీళ్ళు, వాటి మీద బుడగలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దూకేశాను. లోపల కళ్ళు తెరిస్తే తెలుపు తప్ప ఏమీ లేదు. చేతులతో తడుముకుంటూ పోతే ముందు గోడ తగిలింది, తర్వాత మెట్టు అంచు, ఆ తర్వాత నాన్న చొక్కా కాలరు.

దగ్గి, నీళ్ళు కక్కి, ఊపిరి అందాక నాన్న నవ్వాడు. కాలు జారిందంతే, నేను కట్టిన తొట్టి నన్నే మింగుతుందా అన్నాడు. మధ్యాహ్నం భోజనం కూడా మామూలుగానే చేశాడు. రేపు మళ్ళీ దిగుతానన్నాడు. వదిన ఆ పూట ఏమీ తినలేదు. తువ్వాలు ఆవిడ భుజం మీదే ఉండిపోయింది, ఎవరూ తియ్యమనలేదు.

సాయంత్రానికి ఆవిడ పూల్ మందుల షాపుకి వెళ్ళి, తెల్ల డబ్బాలు రెండు మోసుకొచ్చింది. క్లోరిన్ పొడి. ఆ జిగురు పాత మందుకి అలవాటు పడిపోయిందట, ఇక దానికి లొంగదట. మారాల్సిందే అంది. ఇంకో సంగతి కూడా తేల్చి చెప్పింది. గట్టు మీద నుంచి చూస్తే ఎర్ర పలక అంచులతో సహా కనపడాలి, అప్పటిదాకా ఆ నీళ్ళలో ఎవరూ దిగకూడదు.

నేను ఒంటికాలి మీద లేచాను. పెరట్లో తీగ మీద కస్టమర్ల బట్టలు ఆరేస్తాను, ఆ నీళ్ళు చింది రంగు పోతే ఎవరు సమాధానం చెబుతారు అన్నాను. నాన్న పంతం సంగతేమిటి, ఆయన కళ్ళ సంగతేమిటి అన్నాను. మా అన్నయ్య ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి నాన్నే, మీ ఇష్టం అమ్మా, కానివ్వండి అన్నాడు. జీవితంలో ఒక్క పలక దగ్గర కూడా రాజీపడని మనిషి అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

షాపాయన వదినకి రెండు జాగ్రత్తలు చెప్పాడట. మొదటిది, పాత మందు నీళ్ళలో ఉండగా క్లోరిన్ వేస్తే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని పాతది ఆపేసి, సగం నీళ్ళు తోడి కొత్త నీళ్ళు పట్టి, అప్పుడు మొదలుపెట్టాలి. మొదట్లో వేసిన క్లోరిన్ వేసినట్టే మాయమవుతుంది, నీళ్ళు రంగులు మారతాయి, భయపడకుండా వేస్తూనే ఉండాలి. రెండోది అసలైంది. నీలం సీసాలోది విడిగా ఆ పొడి మీద పడితే బుసబుసా పొంగి మొహం మీదికి చిమ్ముతుంది, కళ్ళు పోవచ్చు. వదిన ఈ మాట నాకు చెప్పింది, అన్నయ్యకి చెప్పింది, మీటరు చూడటానికి మోటారు గదిలోకి వెళ్ళే కరెంటాయనకి కూడా చెప్పింది. నాన్నకి చెప్పలేదు. ఆయన మోటారు గది దాకా నడవలేడు కదా, చెప్పడమెందుకు అనుకుంది. ఆ మాటకొస్తే నేనూ అలాగే అనుకున్నాను.

మిగిలిన నీలం సీసాలు షాపులో వాపసు ఇచ్చి రమ్మని అన్నయ్యకి అప్పజెప్పింది. మా అన్నయ్య సరేనన్నాడంటే ఆ పని ఇక జరగదని లెక్క. వాటిని మోటారు గదిలో పాత సిమెంటు బస్తాల వెనక్కి తోసి, ఇచ్చేశానని చెప్పాడు. అంతటితో ఆగినా బాగుండేది. వదిన పనికెళ్ళిన పూట, ఈ తోడటాలూ పట్టడాలూ ఎందుకని ఒక తెల్ల డబ్బా మూత తీసి సగం దాకా నీళ్ళలో గుమ్మరించాడు. మేం చూస్తుండగానే పూలంతా టీ డికాషన్ అయిపోయింది, పైన నురగ. వదిన తిరిగొచ్చి చూసింది. వెళ్ళి కారులో, తన పక్కసీట్లోనే, తలుపు వేసుకుని కాసేపు కూర్చుంది. మా అన్నయ్యకి ఆ కాసేపు చాలు, ఆ రోజంతా బకెట్లతో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు.

అక్కడి నుంచి వదిన యుద్ధం మొదలైంది. పొద్దున పనికి వెళ్ళే ముందు, సాయంత్రం రాగానే, తెల్ల మగ్గుతో పొడి కొలిచి బకెట్ నీళ్ళలో కలిపి పూల్‌లో చుట్టూరా పోసేది. తర్వాత చిన్న గాజు గొట్టంలో నీళ్ళు ముంచి మందు చుక్కలు వేసేది. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకి తిరగాలి. లేకపోతే ఉత్త నీళ్ళలాగే ఉంటాయి. ఆ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసే ఆవిడ మొహం చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. నీళ్ళు గోధుమరంగు నుంచి పచ్చగా, పచ్చ నుంచి బూడిదరంగుకి తిరిగాయి. అక్కడ ఆగిపోయాయి.

ఈలోగా నాన్న కాలు ఎదురుచూడదు కదా. ఫిజియో వచ్చినప్పుడల్లా మోకాలు వంచి చూసి, నీళ్ళు ఎప్పటికి సిద్ధమవుతాయండీ అని వదిననే అడిగేవాడు. ఇంకెంత ఆలస్యమైతే అంత నష్టమని చెప్పి వెళ్ళేవాడు. ఒకరోజు మాత్రం ఆయన మోకాలు పట్టుకుని ఆశ్చర్యపోయాడు. కాస్త కదలిక వచ్చింది, ఏం చేయిస్తున్నారో గానీ మానకండి, అయినా వాకరు వదలాలంటే మాత్రం నీళ్ళు తప్పవు అన్నాడు. నేను వదిన వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది. ఆవిడేదో చేయిస్తోందని నేను, నేనేదో చేయిస్తున్నానని ఆవిడ అనుకున్నాం. నాన్న కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

వదినది కంగారు బుర్ర కాదని చెప్పాను కదా. కొన్నాళ్ళకి ఆవిడ ఒక సంగతి పట్టేసింది. సాయంత్రం వేసిన క్లోరిన్ తెల్లారేదాకా నిలబడుతోంది. పొద్దున వేసింది మాత్రం సాయంత్రానికి శుభ్రంగా మాయం. తినేది పాత మందే అయితే దానికి పగలూ రాత్రీ తేడా ఎందుకుంటుంది? ఎండ వల్లేమో అని పూల్ మీద టార్పాలిన్ కప్పించింది. అయినా అంతే. గొట్టంలో ఉత్త నీళ్ళు.

అంటే పగటిపూట ఎవరో ఏదో చేస్తున్నారు. పగలు ఇంట్లో ఉండేది మంచం మీద నాన్న, మిషను మీద నేను.

వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది. చాలా మెల్లగా, "సూదీ, నువ్వు గానీ ఆ నీళ్ళలో ఏమన్నా కలుపుతున్నావా?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బట్టల రంగు కోసం కన్నతండ్రి కాలు పాడుచేసుకునేదాన్నా నేను? అదే అడిగాను. ఆవిడ తొణకలేదు, అడిగానంతే అంది. ఆ నిదానం చూసేసరికి ఇంకా రేగిపోయాను. ఆ రోజు గట్టు మీద బొమ్మలా నిలబడింది నేను కాదు వదినా అన్నాను. ఆవిడ కత్తిపీట పక్కన పడ్డ కూరగాయ ముక్క ఒకటి తీసి గిన్నెలో వేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో గోడలు కూడా గొంతు తగ్గించుకున్నాయి. నేను అన్నయ్యకి చెబితే అన్నయ్య ఆవిడకి చెప్పాలి, ఆవిడ చెప్పేది మళ్ళీ అన్నయ్య నాకు మోసుకురావాలి. పోస్టుమాన్‌కైనా సెలవులుంటాయి గానీ మా అన్నయ్యకి లేవు. నాన్న మంచం మీద నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాడు.

నాకు మాత్రం ఒకటే పట్టుదల. తాడో పేడో తేలిపోవాలి. దొంగని పట్టుకుని వదిన ముందు నిలబెట్టాలి. పక్కింటివాళ్ళ మీదా, కరెంటాయన మీదా అనుమానం. నా మిషను చప్పుడు ఆగిందంటే ఎవరైనా జాగ్రత్తపడతారు కదా. అందుకని ఆ మధ్యాహ్నం సూదిలోంచి దారం తీసేసి, మిషను మోటారు పెడల్ మీద ఇస్త్రీ పెట్టె బరువు పెట్టాను. మిషను తన మానాన తను గడగడలాడుతూ ఉంది. నేను చెప్పులు విప్పేసి వెనక తలుపులోంచి బయటికి జారుకున్నాను.

మోటారు గది తలుపు తీసి ఉంది. లోపల ఏదో కదులుతోంది. గోడకి ఆనుకుని అడుగులో అడుగేసుకుంటూ వెళుతుంటే వెనక నుంచి నా జబ్బ మీద చెయ్యి పడింది. వదిన. కారు వీధి చివర ఆపేసి, వెనక సందులోంచి వచ్చింది. ఆవిడా దొంగని పట్టుకోవడానికే వచ్చింది, ఆ దొంగ నేనేననుకుంటూ. "దొరికావు" అంది నా చెవిలో. అప్పుడే నా భుజం మీదుగా లోపలికి చూసింది. ఇద్దరం ఒకేసారి చూశాం.

లోపల నాన్న. వాకరు గోడకి ఆనించి ఉంది. ఆయన సిమెంటు బస్తాలకి నడుం ఆనించుకుని, వణికే కుడిచేత్తో నిండు నీలం సీసా పట్టుకుని ఉన్నాడు. మూత తీసి ఉంది. రోజూ మంచం నుంచి ఇక్కడిదాకా వాకరుతో నడిచొచ్చి, ఆ గది పక్కనున్న, పూల్ నీళ్ళని మోటారు లాగే గూట్లోకి తిన్నగా వంపేవాడట. సగం వాడిన సీసాలన్నీ అయిపోయాయి, ఇది కొత్తది, నిండుగా ఉంది, బరువు ఆగడం లేదు. అందుకని ముందు చిన్నదాంట్లోకి వంపుకుందామని పక్కనున్న మగ్గు ఎడంచేత్తో తీసుకున్నాడు. తెల్ల మగ్గు. వదిన పొద్దున క్లోరిన్ కొలిచిన మగ్గు. దాని అడుగున పొడి మందంగా అంటుకుని ఉంది. అది మొహానికి జానెడు దూరంలో పట్టుకుని, తెల్ల మగ్గులో తెల్ల పొడి ఆయన కంటికి ఆనక, సీసా వంచుతున్నాడు.

నా గొంతు దాకా వచ్చింది అరుపు. వదిన చెయ్యి నా నోటి మీద పడింది. ఎంత గట్టిగా పడిందంటే పళ్ళు పెదవికి గుచ్చుకున్నాయి. "అరవకు" అంది, వినీ వినపడకుండా. "అరిస్తే చెయ్యి కదులుతుంది." నన్ను గోడకి తోసేసి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మావయ్యా. బాగానే పట్టుకున్నారు. అలాగే ఉంచండి, వంచకండి."

అచ్చం కారులో మాట్లాడే గొంతు. నాన్న తలెత్తాడు. దొంగతనం దొరికిపోయినవాడి కళ్ళు. సీసా వణికింది, మూతి దగ్గర నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగాయి.

"సీసా సంగతి వదిలెయ్యండి. ముందు ఎడంచేతిలో మగ్గు నాకివ్వండి" అంటూ ఆవిడ నడుస్తోంది, తొందర లేకుండా, చెప్పులు నేలకి తగులుతున్న చప్పుడు కూడా మారకుండా. ఆ చప్పుడంటే ఎప్పుడూ చిర్రెత్తుకొచ్చే నేను ఆ రోజు ఒక్కో అడుగుకీ ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. మగ్గు ఆవిడ చేతిలోకి వచ్చింది. దాన్ని వెనక్కి చాపితే నేను అందుకుని పెరట్లోకి పరిగెత్తి దూరంగా పెట్టి వచ్చాను. ఆ తర్వాత సీసా. ఆ తర్వాత మూత. మూత బిగించాకే వదిన అక్కడే నేల మీద, సిమెంటు దుమ్ములో, కూలబడిపోయింది.

నేను అప్పుడు అరిచాను. ఇంతసేపూ ఆపుకున్నదంతా కలిపి అరిచాను. నీకేమైనా మతిపోయిందా నాన్నా, నీ కాలు కోసం ఇంటిల్లిపాదీ చస్తుంటే నువ్వే నీళ్ళు పాడుచేస్తావా, మా ఇద్దరికీ తగువు పెట్టి చోద్యం చూస్తావా, కళ్ళు పోయేవి తెలుసా. ఇంత పంతమా ఆ పొడి మీద?

నాన్న బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. పొడి మీద పంతమేమీ లేదన్నాడు. అప్పుడు నాతో కాదు, వదినతో అన్నాడు.

"అడుగు కనపడితే దిగమంటారుగా అమ్మా."

నాకు ముందు అర్థం కాలేదు. వదినకి అయింది.

ఆ రోజు లోపల తెల్లగా ఏమీ కనపడలేదట. తను పరిచిన పలకలే, ఎటు మెట్టో ఎటు లోతో తెలియలేదట. కాలు మాట వినలేదు, చెయ్యి ఎటు పెట్టినా నీళ్ళే. అప్పటినుంచి కళ్ళు మూస్తే అదే తెలుపు. నీళ్ళు తేటపడితే దిగాలి, దిగనంటే ఎందుకని అడుగుతారు. మరి ముందే చెప్పొచ్చుగా నాన్నా అన్నాను. ఈ తొట్టి కట్టింది నేనే, ఏమని చెప్పను అన్నాడు. మా నాన్న ఏడవడం మా అమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

వదిన ఆయన్ని ఓదార్చలేదు, మందలించలేదు. లేచి, బట్టలు దులుపుకుని, సిమెంటు బస్తాల వెనక నుంచి నీలం సీసాలన్నీ బయటికి లాగింది. వాటిని కారులో పెట్టుకుని తనే స్వయంగా షాపుకి తీసుకెళ్ళింది. ముందు గదిలో నా మిషను ఇంకా గడగడలాడుతూనే ఉంది. వెళ్ళి ఇస్త్రీ పెట్టె తీసేశాను.

అడ్డం తొలిగాక నీళ్ళు తేటపడటానికి ఎక్కువకాలం పట్టలేదు. ఒక సాయంత్రం గొట్టంలో చుక్క పడగానే నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి, వదిన నన్ను కేకేసి మరీ చూపించింది. షాపాయన చెప్పినట్టు ఫిల్టరులో జిగురుపట్టిన ఇసుకంతా తీసి కొత్త ఇసుక నింపాం, ఆ పని అన్నయ్యకే పడింది. ఆ మర్నాడు పొద్దున గట్టు మీదికి వెళ్ళి చూస్తే లోతువైపు జాలీ, జాలీ పక్కన ఎర్ర పలక, దాని అంచున నాన్న పూసిన తెల్ల సిమెంటు గీత కూడా కనపడింది. క్లోరిన్ వాసన సన్నగా వస్తోంది. నేను తీగ మీది బట్టలు అప్పటికే ముందు గదిలోకి మార్చేసుకున్నాను.

నాన్న వాకరుతో గట్టు దాకా వచ్చాడు. మెట్ల దగ్గర చువ్వ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. నేను దిగుతా నాన్నా నీతో, నాకు ఈతొచ్చుగా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఫిజియో కూడా వచ్చాడు ఆ రోజు, వాచీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. చువ్వ మీద నాన్న వేళ్ళు తెల్లబడుతున్నాయి. ఇవాళ దిగకపోతే ఈయన ఇక ఎప్పటికీ దిగడు, ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

వదిన పనికి వెళ్ళడానికి తయారై ఉంది, మెళ్ళో డ్రైవింగ్ స్కూలు కార్డు. తువ్వాలు నా చేతికిచ్చింది. కార్డు తీసి తువ్వాలు మీద పెట్టింది. చెప్పులు విప్పి పక్కపక్కన సరిగ్గా పెట్టింది. ఆ బట్టలతోనే మెట్లు దిగింది. మొదటి మెట్టు మీద కళ్ళు మూసుకుంది, రెండో మెట్టు మీద తెరిచింది. నడుం దాకా నీళ్ళలో నిలబడి నాన్న వైపు చెయ్యి చాపింది.

"నీకు ఈత రాదుగా అమ్మా" అన్నాడు నాన్న.

"రోజంతా నా పక్కన కూర్చునేవాళ్ళకి డ్రైవింగ్ వచ్చా మావయ్యా?" అంది. "నడపండి. నా కాలు బ్రేకు మీదే ఉంది."

నాన్న దిగాడు. కుడికాలు ముందుకి వేశాడు, ఆగాడు, మళ్ళీ వేశాడు. ఇద్దరూ మోచేతులు పట్టుకుని అవతలి గోడ వైపు నడుస్తున్నారు. గట్టు మీద నేను తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే వాళ్ళ పాదాలు కూడా కనిపిస్తున్నాయి. నాన్న అడుగు తీసినప్పుడల్లా మా వదిన కుడికాలి వేళ్ళు ముడుచుకుని, అక్కడ లేని బ్రేకుని, పలక మీద గట్టిగా నొక్కుతున్నాయి.